ప్రపోజల్ రాయడం డిపార్ట్‌మెంట్ పని

రీసెర్చ్ ప్రాజెక్టులు తెచ్చుకోవడం ఎలా అని యూనివర్సిటీల్లో పెట్టే వర్క్‌షాపుల్లో, వక్త ఎవరైనా సరే, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఐడియా గట్టిదైతే ప్రాజెక్టు దానంతటదే వస్తుంది. మిగతాదంతా క్లర్కు పని." ముందు వరసలో కూర్చున్న కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లు నిజమే అన్నట్టు తలూపుతారు. ఈమధ్య మళ్లీ అదే మాట విన్నాక, దీని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఆ మాట ఐఐటీల్లో చెల్లుతుందేమో. అక్కడ ఆ "మిగతాది" చూసుకోవడానికి ఒక ఆఫీసు, అందులో జీతానికి మనుషులు ఉంటారు. మన స్టేట్ యూనివర్సిటీల్లో మాత్రం ఆ మిగతాదే ప్రాజెక్టును ముంచుతోంది. ఐడియా బాగా లేక తిరిగొచ్చిన ప్రపోజల్స్ ఉంటాయి, కాదనను. కానీ బడ్జెట్ తప్పు, లెటర్ ఆలస్యం, అనుమతి లేకపోవడం, చేయలేని పనులు రాసుకోవడం లాంటి కారణాలతో పోయేవాటిని దగ్గరగా చూస్తే, అందులో పీఐ (ప్రాజెక్టు బాధ్యత తీసుకునే ప్రధాన పరిశోధకులు) ఒక్కరే చేసుకోగలిగిన పని చాలా కొద్దిగా కనిపిస్తుంది. సైన్సు రాయాల్సింది పీఐ. మిగిలిన పనంతా డిపార్ట్‌మెంట్‌ది. నోటిఫికేషన్ వచ్చాక ఆ పని మొదలుపెడితే అందదు. ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండాలి.

సంతకం కోసం పోయే రోజులు

అన్నిటికన్నా చిన్నదనుకునే కాగితం, ఎండార్స్‌మెంట్ లెటర్. ఈ ప్రాజెక్టు మా సంస్థలో చేయనిస్తాం, ల్యాబు, కరెంటు, నీళ్లు, ఆఫీసు సౌకర్యం ఇస్తాం, పీఐ వెళ్లిపోతే కో-పీఐతో (సహ పరిశోధకులతో) పూర్తి చేయిస్తాం, లెక్కలు అప్పజెబుతాం అని సంస్థ తరఫున ఇచ్చే హామీ. ఒకటి రెండు పేజీలు. దానికి ఎన్ని బల్లలు దాటాలో చూడండి. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో కదిలిన కాగితం ప్రిన్సిపల్ ఆఫీసులో ఇన్వర్డ్ నంబరు వేయించుకుని, రిజిస్ట్రార్ ఆఫీసులో సంబంధిత సెక్షన్‌కి చేరుతుంది. అక్కడ నోట్ ఫైల్ పెడతారు. సూపరింటెండెంట్, అసిస్టెంట్ రిజిస్ట్రార్ చూశాక రిజిస్ట్రార్ బల్ల మీదికి వెళ్తుంది. ఆయన కోర్టు కేసు పని మీదో, సెక్రటేరియట్ మీటింగు కోసమో క్యాంపులో ఉంటే అక్కడే ఆగుతుంది. గడువు చివరి వారంలో ఫైలు కదిపిన మనిషి ఫైలు వెంట తానే తిరగాలి. అంటే ప్రపోజల్‌ని ఆఖరిసారి శ్రద్ధగా చదువుకోవాల్సిన రోజుల్లో, ఆ మనిషి అడ్మినిస్ట్రేటివ్ బిల్డింగు వరండాలో నిలబడి ఉంటారు.

లెటర్ వచ్చాక కూడా చిక్కులుంటాయి. ఫైలు పెట్టిన నాటి టైటిల్‌ని పీఐ తర్వాత మెరుగుపరుస్తారు. పోర్టల్లో ఒక టైటిల్, లెటర్లో ఇంకో టైటిల్ మిగులుతాయి. మధ్యలో కో-పీఐ మారతారు, లెటర్లో పాత పేరే ఉంటుంది. పరిశోధనలకి నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్‌ను కొత్తగా పెట్టిన ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిపేశాక కూడా పాత నమూనానే ఫోటోకాపీ తీసి సెర్బ్ పేరుతో సంతకం చేయించిన సందర్భాలున్నాయి. ఇవి ఆషామాషీ తప్పుల్లా కనిపిస్తాయి. పరిశీలనలో పక్కన పెట్టడానికి అవే చాలు.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. టైటిల్, పీఐ, కో-పీఐల పేర్లు, మొత్తం కాలం, ఈ మూడూ గడువుకి కనీసం మూడు వారాల ముందు ఖరారు చేయాలి. లోపలి సైన్సును చివరి రోజు దాకా మార్చుకోవచ్చు, ఈ మూడింటిని మాత్రం ముట్టుకోకూడదు. నిధులిచ్చే ఏ ఏజెన్సీకి ఏ నమూనానో హెడ్ ఆఫీసులో తాజా కాపీ ఉండాలి. నియమాలు ఒప్పుకునే చోట రిజిస్ట్రార్ బదులు రీసెర్చ్ డీన్ సంతకం చేసేలా ఒక స్టాండింగ్ ఆర్డర్ తెచ్చుకోవాలి. ఈ పని పీఐ అడిగితే జరగదు. హెడ్ అడగాలి, డిపార్ట్‌మెంటల్ కమిటీ తీర్మానంతో అడగాలి.

బడ్జెట్ పేజీ ఆఖరున నింపేది కాదు

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది. ఇరవై పేజీలు శ్రద్ధగా రాసి, బడ్జెట్‌ని చివరి రాత్రి గుండ్రటి అంకెలతో నింపేస్తారు. ఎక్కువ అడిగితే ఇవ్వరేమోనన్న భయంతో తక్కువ రాస్తారు. తీరా మంజూరయ్యాక ఆ తక్కువతోనే మూడేళ్లు లాక్కురావాలి.

ముందు మనిషి జీతం సంగతి చూద్దాం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ స్కాలర్) ఫెలోషిప్ నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ స్కాలర్) ఫెలోషిప్ 42,000. చాలామంది 37,000ను 36 నెలలతో గుణించి 13,32,000 అని రాసేస్తారు. రెండు సంగతులు వదిలేశారు. ఒకటి, హెచ్ఆర్ఏ, అంటే ఇంటద్దె భత్యం. హైదరాబాద్‌లో 30 శాతం చొప్పున నెలకి 11,100 కలుస్తుంది. రెండోది, రెండేళ్లయ్యాక పని సమీక్షించి జేఆర్ఎఫ్‌ని ఎస్ఆర్ఎఫ్‌గా పెంచుతారు. అంటే మొదటి రెండేళ్లు ఏడాదికి 5,77,200. మూడో ఏడు 54,600 చొప్పున 6,55,200. మొత్తం 18,09,600. రాసిన దానికీ అసలు ఖర్చుకీ తేడా 4,77,600. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది? కన్స్యూమబుల్స్ (రసాయనాలు, గాజు సామాను లాంటి వాడి పారేసే సరుకు) నుంచి తీయాలంటే ఒక పద్దులోని డబ్బు ఇంకో పద్దుకి మార్చడానికి ఏజెన్సీ అనుమతి కావాలి. అది రాకపోతే స్కాలర్ హెచ్ఆర్ఏ లేకుండా పనిచేస్తారు, లేదా మూడో ఏడు మధ్యలో వెళ్లిపోతారు. బడ్జెట్ పేజీలో ఒక గుణకారం తప్పిపోతే దాని భారం ఆ పిల్ల మీదో పిల్లాడి మీదో పడుతుంది.

విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్‌లలో హెచ్ఆర్ఏ 20 శాతం, మిగతా చిన్న ఊళ్లలో 10 శాతం. అంటే హైదరాబాద్ మిత్రుడి ప్రపోజల్‌లోంచి అంకెలు దించుకున్నా తప్పే. డిపార్ట్‌మెంట్ దగ్గర మన ఊరి రేట్లతో ఒక స్ప్రెడ్‌షీట్ ఉండి, రేటు మారినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని సరిచేస్తూ ఉంటే ఈ లెక్క ప్రతి పీఐ కొత్తగా వేసుకోనక్కర్లేదు.

ఇక పరికరాలు. కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న ధర 10 లక్షలైతే బడ్జెట్‌లో 10 లక్షలే రాస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న జీఎస్టీ కలిపితే 11.8 లక్షలు. రీసెర్చ్ సంస్థలకి ఒకప్పుడున్న 5 శాతం రాయితీ రేటు 2022 జులైలో పోయింది; ఆ సంగతి తెలియకుండా పాత ప్రపోజల్‌ని చూసి రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. దిగుమతి పరికరమైతే డాలరు రేటు, రవాణా, ఇన్సూరెన్సు, క్లియరింగ్ ఏజెంటు ఖర్చు, బ్యాంకు ఎల్సీ (చెల్లింపు హామీ పత్రం) ఛార్జీలు ఉంటాయి. కస్టమ్స్ సుంకంలో రాయితీ కావాలంటే యూనివర్సిటీకి డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని గడువు తీరిపోయి ఉండకూడదు. ఆ సర్టిఫికెట్ కాపీ ఎవరి దగ్గరుందో డిపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి తెలుసు?

కొటేషన్‌లో రాయనివి ఇంకొన్ని ఉన్నాయి. మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ కొంటే అది గదిలోకి ఎంతో వేడి వదులుతుంది. ఏసీ లేని గదిలో మే నెలలో కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. దానికి వేరే లైను, సరైన ఎర్తింగ్, స్టెబిలైజరు, జనరేటర్ కనెక్షన్ కావాలి. అవేవీ బడ్జెట్‌లో లేక, యూనివర్సిటీ ఇంజినీరింగ్ సెక్షన్ దగ్గర ఎస్టిమేట్ ఫైలు నడుస్తుండగా, ఫ్రీజర్ అట్టపెట్టె విప్పకుండా వరండాలో నెలల తరబడి ఉండిపోతుంది. వారంటీ గడియారం మాత్రం చాలా ఒప్పందాల్లో సరుకు అందిన నాటి నుంచే మొదలవుతుంది. అందుకే కొటేషన్ అడిగేటప్పుడే ఇన్‌స్టాలేషన్ తేదీ నుంచి మూడేళ్ల వారంటీ, యూపీఎస్, స్టెబిలైజరు, ఇద్దరికి శిక్షణ, అన్నీ కలిపి ధర చెప్పమని అడగాలి. వైరింగ్ ఖర్చు ఏజెన్సీ ఇవ్వకపోవచ్చు. అప్పుడు అది యూనివర్సిటీ భరిస్తుందని ఎండార్స్‌మెంట్‌కి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

2025 జూన్‌లో కేంద్రం శాస్త్రీయ పరికరాల కొనుగోలు పరిమితుల్ని పెంచింది: కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకి. మంచి మార్పు. అయితే యూనివర్సిటీ తన కొనుగోలు నిబంధనల్లో దాన్ని చేర్చుకోకపోతే అకౌంట్స్ సెక్షన్ పాత పరిమితుల ప్రకారమే కాగితాలు అడుగుతుంది. అక్కడ కూడా పీఐ ఒక్కరి మాట చెల్లదు.

శేషాచలం మొక్క

ఒక నమూనా ప్రపోజల్‌ని దగ్గరగా చూద్దాం. మన బోటనీ, బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లలో తరచూ కనిపించే తరహా ఇది. శేషాచలం అడవుల్లో దొరికే ఒక ఔషధ మొక్క. లక్ష్యాలు ఐదు: మొక్క సేకరణ, రసాయనాల వెలికితీత, వాటి నిర్మాణం తేల్చడం, క్యాన్సర్ కణాల మీద పరీక్ష, ఎలుకల మీద పరీక్ష. మూడేళ్లు, ఒక జేఆర్ఎఫ్.

రివ్యూయర్‌కి ఐడియా నచ్చొచ్చు. కానీ ఆయన చదివేది ఇంకో రకంగా ఉంటుంది. సేకరణకి అటవీ శాఖ అనుమతి అడిగారా? ఆ కొండల్లో కొంత భాగం జాతీయ పార్కు. అక్కడ ఆకు తెంపాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది. మొక్క గుర్తింపుని ఎవరు ధ్రువీకరించారు, హెర్బేరియంలో భద్రపరిచిన ఎండు నమూనాకి ఇచ్చే వౌచర్ నంబరు ఏది? నిర్మాణం తేల్చాలంటే ఎన్ఎంఆర్ (అణువుల నిర్మాణం చూపే యంత్రం) కావాలి. మీ యూనివర్సిటీలో లేదు కాబట్టి బయట శాంపిలుకి ఇంత అని కట్టాలి, ఆ డబ్బు బడ్జెట్‌లో ఎక్కడ? కణాల మీద పరీక్షకి సెల్ కల్చర్ గది ఉందా, ఫోటో పెట్టారా? ఎలుకల పనికి సీసీఎస్ఈఏ (జంతువుల మీద ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ) రిజిస్ట్రేషన్ ఉన్న యానిమల్ హౌస్, సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఏవి? ఒక జేఆర్ఎఫ్ ఈ ఐదూ చేయడానికి మూడేళ్లు ఎలా సరిపోతాయి? మొదటి లక్ష్యం తప్పితే మిగతా నాలుగూ తప్పినట్టే కదా?

అదే ప్రపోజల్‌ని మూడు లక్ష్యాలకి కుదించి, సేకరణ అనుమతి ముందే తీసుకుని, ఒక ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన ప్రాథమిక ఫలితాన్ని ఒక గ్రాఫుగా పెట్టి, ఎలుకల పనిని వదిలేస్తే దాని బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ కుదింపు చేయమని చెప్పేవాళ్లు కావాలి. పీఐకి తన ఐదు లక్ష్యాలూ ముద్దుగానే ఉంటాయి. బయటివాళ్లు చూసేలోపు లోపలివాళ్లు ఇద్దరు చదవాలి: ఒకరు అదే సబ్జెక్టువాళ్లు, ఇంకొకరు పక్క డిపార్ట్‌మెంట్ నుంచి. కెమిస్ట్రీలో పనిచేసే సహోద్యోగికి ఎన్ఎంఆర్ ఖర్చు సంగతి అర నిమిషంలో తడుతుంది, బోటనీ పీఐకి తట్టకపోవచ్చు. వాళ్లు మొత్తం చదవనక్కర్లేదు. సారాంశం పేజీ, లక్ష్యాలు, నెలలవారీ పని పట్టిక, బడ్జెట్, ఈ నాలుగూ చాలు. చదివాక "బావుంది" అని వదిలేయకుండా, రివ్యూయర్ అడగబోయే ప్రశ్నలు మూడు రాసివ్వాలి.

కాపీ కొడతారన్న భయం

ఇక్కడే అసలు అభ్యంతరం వస్తుంది, అది కొట్టిపారేయదగింది కాదు. "నా ఐడియా డిపార్ట్‌మెంట్‌లో చూపిస్తే రేపు ఇంకొకరి పేరుతో వెళ్తుంది" అని చాలామంది మనసులో అనుకుంటారు. తలుపు వేసుకుని ప్రపోజల్ రాసుకోవడం, ప్రింటర్ దగ్గర కాగితాలు వదలకుండా నిలబడి తీసుకోవడం మన డిపార్ట్‌మెంట్లలో మామూలే. ఆ భయానికి కారణాలున్నాయి. ప్రమోషన్‌కి ప్రాజెక్టులే లెక్కలోకి వచ్చే చోట, ఒకే పదిమంది అవే నోటిఫికేషన్ల కోసం పోటీపడే చోట, నమ్మకం తేలిగ్గా పుట్టదు. సీనియర్లు కొందరు చదివి పెట్టినందుకు కో-పీఐగా పేరు చేర్చమని అడుగుతారన్నది కూడా నిజమే.

దీనికి నేను చూపగల మార్గం పూర్తి మందు కాదు. ప్రపోజల్ కాపీని తేదీతో డిపార్ట్‌మెంటల్ కమిటీ మినిట్స్‌లో సారాంశం స్థాయిలో నమోదు చేయిస్తే, ఎవరిది ముందో తేలుతుంది. చదివి పెట్టినవాళ్లని కో-పీఐగా చేర్చుకోనక్కర్లేదన్న నియమం ముందే రాసుకోవాలి. కో-పీఐ అంటే బడ్జెట్‌లోనూ పని పట్టికలోనూ తన వాటా ఉన్న మనిషి మాత్రమే. ఇంత చేసినా కొందరు చూపించరు. వాళ్లకి కనీసం సైన్సు దాచుకుని బడ్జెట్, అనుమతుల భాగాలు మాత్రం చూపించే వీలుండాలి. ఆ భాగాల్లో దొంగిలించడానికి ఏముంటుంది?

ఇంకో అభ్యంతరం: నలుగురి చేతులు పడితే ప్రపోజల్ చప్పబడిపోతుందని. ఇందులో కొంత నిజం ఉందనే అనుకుంటున్నాను. కమిటీ చదివితే సాహసం ఉన్న వాక్యాలు ముందు పోతాయి, "నిపుణుల సలహా మేరకు" తరహా వాక్యాలు మిగులుతాయి. అందుకే చదివేవాళ్లు ఇద్దరికి మించకూడదు, పెన్ను పీఐ చేతిలోనే ఉండాలి. వాళ్ల ప్రశ్నల్లో నచ్చనిది వదిలేసే హక్కు కూడా పీఐకే.

మార్చి 31

మంజూరయ్యాక వచ్చే లెక్కల గొడవకి, ప్రపోజల్ రాయడానికి సంబంధం లేదనుకుంటారు. చాలా ఉంది. ప్రపోజల్‌లో "మొదటి సంవత్సరం" అంటే మంజూరైన రోజు నుంచి పన్నెండు నెలలు. యూసీ (నిధులు దేనికి ఖర్చయ్యాయో చెప్పే సర్టిఫికెట్) మాత్రం ఆర్థిక సంవత్సరానికి, కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇవ్వాలి. డిసెంబరులో సాంక్షన్ ఆర్డర్ వస్తే ఆ ఏడాది లెక్కకి దొరికేవి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో జేఆర్ఎఫ్ ప్రకటన, ఇంటర్వ్యూ, నియామకం పూర్తవడమే గగనం. నిధులు ఇప్పుడు చాలావరకు జీరో బ్యాలెన్స్ ఖాతాల (డబ్బు నిల్వ ఉండని, ఖర్చు పెట్టినప్పుడే తీసుకునే ఖాతాలు) ద్వారా వస్తున్నాయి కాబట్టి ఖర్చు కాని మొత్తాన్ని మన ఖాతాలోనే ఉంచుకుని ఏప్రిల్‌లో వాడుకుందామంటే కుదరదు. మళ్లీ కేటాయింపు కోసం అడగాలి. పాత పద్ధతి ఖాతాలో డబ్బు ఉంటే దాని మీద వచ్చిన వడ్డీ తిరిగి కట్టాలి.

అందుకే ఏడాదివారీ విభజన చేసేటప్పుడు మొదటి ఏట మనిషి జీతం పన్నెండు నెలలకి రాసినా, కన్స్యూమబుల్స్ తక్కువ ఉంచి, మనిషి వచ్చి పని ఊపందుకునే రెండో ఏట ఎక్కువ పెట్టాలి. పరికరం మొదటి ఏటే రావాలి కాబట్టి దాని స్పెసిఫికేషన్లు, ఇండెంట్ (కొనమని కోరుతూ పెట్టే కాగితం) నమూనా దరఖాస్తు నాటికే రాసి పెట్టుకోవాలి. సాంక్షన్ ఆర్డర్ వచ్చిన వారంలో ఇండెంట్ వెళ్తే మార్చిలోపు సరుకు అందే అవకాశం ఉంటుంది. స్పెసిఫికేషన్లు ఒక్క కంపెనీకే సరిపోయేలా రాస్తే కొనుగోలు కమిటీలో ఆగిపోతుంది, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అలాగని మరీ వదులుగా రాస్తే ధర తక్కువ చెప్పిన పనికిరాని యంత్రం వస్తుంది. మనకి కావలసిన కొలత పరిధి, కచ్చితత్వం, సర్వీసు ఇంజినీరు ఎన్ని గంటల్లో రావాలి అన్నవి అంకెల్లో రాస్తే రెండు ప్రమాదాలూ తప్పుతాయి.

ఎవరు చేయాలి

డిపార్ట్‌మెంట్ చేయాలంటే అందులో ఎవరు? హెడ్ పదవి రెండు మూడేళ్లకోసారి మారుతుంది. కొత్త హెడ్ వచ్చేసరికి పాత ఫైళ్లు పాత హెడ్ గదిలోని బీరువాలో ఉండిపోతాయి. యూజీసీ 2022లో రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సెల్ పెట్టమని మార్గదర్శకాలిచ్చింది. పేరుకి చాలా చోట్ల సెల్ ఉంది. బోర్డు, ఒక డైరెక్టరు, అదనపు బాధ్యతగా. ఫైలు నడిపే మనిషి లేడు. ప్రాజెక్టుల మీద సంస్థ ఖర్చుల కింద యూనివర్సిటీకి వచ్చే ఓవర్‌హెడ్‌లో కొంత భాగం తిరిగి డిపార్ట్‌మెంట్‌కి ఇస్తే, దానితో లెక్కలు తెలిసిన ఒక మనిషిని కాంట్రాక్టు మీదైనా పెట్టుకోవచ్చు. అది దక్కేదాకా, అధ్యాపకుల్లో ఒకరికి ఈ పని అప్పగించి వాళ్ల క్లాసుల భారం వారానికి రెండు మూడు గంటలు తగ్గించాలి. భారం తగ్గించకుండా పనిని జూనియర్ నెత్తిన పెడితే ఏడాది తిరిగేలోపు అది ఆగిపోతుంది.

తిరస్కరించిన ప్రపోజల్స్ మీద వచ్చిన రివ్యూయర్ వ్యాఖ్యల్ని కూడా ఆ మనిషి దగ్గర ఉంచాలి. పీఐ ఒప్పుకుంటే పేరు తీసేసి. పాత వ్యాఖ్యలు నాలుగు ఒకచోట పెట్టి చదివితే, మన డిపార్ట్‌మెంట్ ఏ తప్పు పదేపదే చేస్తోందో ఇంకెవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తుంది.

చివరిగా, కాంట్రాక్టు అధ్యాపకుల సంగతి. ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేని డిపార్ట్‌మెంట్లలో పాఠాలు, ల్యాబులు నడిపేది వాళ్లే. పీహెచ్‌డీ, పేపర్లు ఉన్నవాళ్లే. రెగ్యులర్ పోస్టు ఉండాలన్న షరతు వల్ల చాలా పథకాల్లో పీఐ కాలేరు. వాళ్లు రాసిన ప్రపోజల్ రెగ్యులర్ అధ్యాపకుల పేరుతో వెళ్లడం మన దగ్గర ఎవరికీ తెలియని విషయం కాదు. డిపార్ట్‌మెంట్ పని అని నేను అంటున్నప్పుడు, ఈ పద్ధతికి అది ముసుగు కాకూడదు. కో-పీఐగా ఎవరిని ఒప్పుకుంటారో ప్రతి పథకం మార్గదర్శకాల్లో వేరుగా ఉంటుంది. వీలున్న ప్రతిచోటా వాళ్ల పేరు పెట్టాలి. వీలు లేని చోట, ప్రపోజల్ ఏ భాగం ఎవరు రాశారో, వచ్చే పేపర్లలో ఎవరి పేరు ఎక్కడుంటుందో దరఖాస్తు పంపే ముందే కమిటీ మినిట్స్‌లో రాసి, సంతకాలతో ఒక కాపీ వాళ్ల చేతికివ్వాలి. రెగ్యులర్ నోటిఫికేషన్ వచ్చిన రోజు ఇంటర్వ్యూ బోర్డు ముందు పెట్టుకోవడానికి వాళ్లకి ఆ కాగితం కావాలి.